రోజూ నడిపే స్పోర్ట్స్ కారుకు ఏ టైరు?

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ)

స్పోర్ట్స్ కారు టైర్ల గురించి మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. ఇక్కడ చదువుకునే తమ్ముళ్లలో చాలామంది ఇళ్లలో సైకిలు తప్ప వేరే బండి ఉండదు. ఆ మాట నిజమే. కానీ మన హాస్టళ్లలో చదివినవాళ్లు కొందరు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి సాయంతోనో, బ్యాంకు అప్పుతోనో అమెరికా వెళ్లి చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడ చాలా ఊళ్లలో కారు లేకపోతే కూరగాయలు తెచ్చుకోవడం కూడా కష్టం. అలా కొనుక్కోవలసి వచ్చినప్పుడు, వయసు సరదా కొద్దీ సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగో, కమారోనో కొనేవాళ్లు ఉన్నారు. ఆదివారం షికారుకు ఒక కారు, రోజూ ఆఫీసుకు ఇంకో కారు పెట్టుకునే స్తోమత ఉండదు కాబట్టి ఎండకూ, వానకూ, మంచుకూ అదే కారు.

మన సీనియర్ అన్న ఒకాయన ఒక నవంబరు నెలలో ఫోన్ చేశాడు. "నువ్వు పాలిమర్లు చదువుతున్నావు కదరా తమ్మీ, టైరు షాపువాడు సమ్మర్ టైర్లు వెయ్యాలా, ఆల్ సీజన్ వెయ్యాలా అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావ్?" అన్నాడు. ఆయనకు ఫోన్లో చెప్పింది కొంత, ఆ తర్వాత చదివి తెలుసుకున్నది కొంత కలిపి రాస్తున్నాను. కారు లేనివాళ్లు కూడా చదవవచ్చు. ఇందులో ఉన్నది సగం మన ఇంటర్ ఫిజిక్సు, కెమిస్ట్రీలే.

ముందుగా ఒక లెక్క చూద్దాం. 1,500 కిలోల కారు నాలుగు టైర్ల మీద నిలబడితే ఒక్కో టైరు మీద 375 కిలోల భారం పడుతుంది. టైరులో గాలి 33 పౌండ్లు ఉందనుకుందాం. భారాన్ని పీడనంతో భాగిస్తే నేలకు ఆనే వైశాల్యం సుమారు 160 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే మన అరచేయి, వేళ్లు కలిపి నేల మీద ఆనిస్తే ఎంతో దాదాపు అంత. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపేది, మలుపు తిప్పేది ఈ నాలుగు అరచేతులే. మరి స్పోర్ట్స్ కారుకు టైర్లు అంత వెడల్పుగా ఎందుకు ఉంటాయి? వెడల్పు పెంచినా గాలి పీడనం అంతే ఉంటే ఆనే వైశాల్యం పెద్దగా పెరగదు, దాని ఆకారం మారుతుంది. పొడవు తగ్గి, అడ్డం పెరుగుతుంది. మలుపుల్లో అది మంచిదే. మెత్తటి మంచులో, నిలిచిన నీళ్లలో మాత్రం అదే వెడల్పు టైరును పైకి తేల్చేస్తుంది.

ఇక పట్టు సంగతి. ఘర్షణ వైశాల్యం మీద ఆధారపడదనీ, ఘర్షణ గుణకం ఒక స్థిరాంకమనీ మనం పుస్తకంలో చదువుకున్నాం. చెక్కకూ, ఇనుముకూ ఇది సరిపోతుంది కానీ రబ్బరుకు పూర్తిగా సరిపోదు. రబ్బరు రోడ్డు మీద జారుతూ పట్టుకునేది కాదు, రోడ్డులోకి దిగి పట్టుకునేది. తారు రోడ్డును దగ్గరగా చూస్తే కంకర మొనలు, వాటి మీద ఇంకా సన్నని గరుకు కనిపిస్తాయి. మెత్తటి రబ్బరు ఆ సందుల్లోకి నొక్కుకుపోయి, మళ్లీ బయటికి వస్తూ కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. పట్టులో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది. కాబట్టి రబ్బరు గట్టిపడితే సందుల్లోకి దిగదు, మొనల మీదనే తేలిపోతుంది. ట్రెడ్ కొత్తదైనా, గాడులు లోతుగా ఉన్నా అప్పుడు ప్రయోజనం తక్కువ.

రబ్బరు గట్టిపడటం అంటే ఏమిటి? పల్లీపట్టీ చేసేటప్పుడు చూసి ఉంటారు. బెల్లం పాకం వేడిమీద కారుతుంది, కొంచెం చల్లారితే సాగుతుంది, పూర్తిగా చల్లారితే పటుక్కున విరుగుతుంది. పాకం అదే, మారింది ఉష్ణోగ్రత ఒక్కటే. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టడం వేరు, ఇది వేరు. నూనెలో స్ఫటికాలు ఏర్పడతాయి. పాకంలో అణువులు ఉన్నచోటనే కదలిక ఆగిపోయి గాజులా బిగుసుకుంటాయి. అందుకే దీన్ని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. సహజ రబ్బరుకు ఇది సున్నాకు దిగువన సుమారు 70 డిగ్రీలు. ఇంటర్‌లో మనం బ్యూనా-ఎస్ అని చదివిన రబ్బరుకు, అందులో స్టైరీన్ పాలు మామూలుగా ఉంటే, సున్నాకు దిగువన సుమారు 50. స్టైరీన్ పెంచేకొద్దీ ఈ అంకె పైకి జరుగుతుంది. వెచ్చని రోడ్డు మీద పట్టు పెరుగుతుంది, చలిలో తొందరగా గట్టిపడుతుంది. టైరు తయారుచేసేవాళ్లు ఏ రబ్బరు ఎంత, కార్బన్ నలుపు ఎంత, సిలికా ఎంత, నూనె ఎంత అని కలుపుతూ ఆడేది చాలావరకు ఈ అంకెతోనే.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. సున్నాకు దిగువన యాభై డిగ్రీల దాకా గట్టిపడని రబ్బరుకు ఏడెనిమిది డిగ్రీల చలి ఒక లెక్కా? వేగంలో ఉంది కిటుకు. చెరువులో చెయ్యి మెల్లగా ముంచితే హాయిగా దిగుతుంది. అదే చేత్తో ఫటేలున కొడితే చెయ్యి మండుతుంది. రబ్బరు కూడా ఎంత వేగంగా నొక్కితే అంత గట్టిగా ప్రవర్తిస్తుంది. బ్రేకు వేసినప్పుడు రోడ్డు మీది గరుకు ట్రెడ్‌ను సెకనుకు వేలసార్లు నొక్కుతుంది. అంత వేగంలో రబ్బరు తాను ఉన్నదానికంటే ఎంతో చల్లగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. చేత్తో నొక్కి చూస్తే మెత్తగా తగిలే టైరు కూడా రోడ్డు మీద గట్టిదైపోవడానికి కారణం ఇదే.

చలికి రబ్బరు ఏమవుతుందో ప్రపంచమంతా టీవీలో చూసిన సందర్భం ఒకటుంది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలిపోయి ఏడుగురు చనిపోయారు. ఆ ఉదయం బాగా చలి. రాకెట్ అతుకుల్లోని రబ్బరు వలయాలు చలికి సాగే గుణం కోల్పోయి వేడి వాయువులను ఆపలేకపోయాయి. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను నొక్కిపెట్టి, ఐసు నీళ్ల గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే తిరిగి లేవడం లేదని అందరిముందూ చూపించాడు. టైరు విషయంలో జరిగేదీ అటువంటిదే, కాకపోతే అంత ఆర్భాటంగా కనిపించదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సమ్మర్ టైరు అన్న పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అది మండుటెండకు మాత్రమే అనీ, వానకు పనికిరాదనీ అనుకుంటారు. అలా కాదు. వెచ్చని వానలో మంచి సమ్మర్ టైరు సాధారణంగా ఆల్ సీజన్ కంటే తక్కువ దూరంలోనే ఆగుతుంది. నీళ్లను తోసెయ్యడానికి దానికి పెద్ద గాడులు ఉంటాయి, తడి రోడ్డును పట్టుకునే సిలికా రబ్బరు ఉంటుంది. దానికి పడనిది చలి ఒక్కటే. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర గీత గీస్తారు. ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ కారుతో ఇచ్చే పుస్తకంలోనే, ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు, అంతకు దిగువకు పడిపోయినప్పుడు సమ్మర్ టైర్లు వాడవద్దని రాసి ఉంటుంది. జనరల్ మోటార్స్ ఇంకో అడుగు ముందుకు వేసి, సున్నాకు దిగువన 7 డిగ్రీల కంటే చలిలో ఉంచితే ఆ టైర్ల ట్రెడ్ మీద పగుళ్లు రావచ్చనీ, అంత చలిలో ఉన్న టైర్లను కనీసం 5 డిగ్రీల వెచ్చదనంలో 24 గంటలు ఉంచాకే నడపాలనీ చెబుతుంది. నడపకుండా ఆరుబయట ఊరికే పార్కు చేసినా ప్రమాదమేనన్నమాట!

ఆల్ సీజన్ టైరు అమెరికా వాళ్ల ఆలోచన. గుడ్‌ఇయర్ కంపెనీ 1977లో టియెంపో అనే పేరుతో తెచ్చినదాన్ని ఈ రకంలో మొదటి రేడియల్ టైరుగా చెబుతారు. అంతకుముందు చలి ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు టైర్లు మార్చుకునేవారు. ఆ బాధ తప్పించడానికి, చలికి అంత తొందరగా గట్టిపడని రబ్బరు తీసుకుని, మంచును కరచుకోవడానికి ట్రెడ్ దిమ్మెల మీద సన్నని చీలికలు పెట్టి చేసినదే ఇది. ఆ చీలికల వల్ల దిమ్మెలు కొంచెం ఊగుతాయి. అందుకే ఎండలో గట్టిగా మలుపు తిప్పినప్పుడు స్టీరింగుకు సమ్మర్ టైరు ఇచ్చినంత ఖచ్చితమైన జవాబు ఇవ్వదు. మనకు ఋతువులు ఆరు, వాళ్లకు నాలుగు. అయినా ఆ నాలుగింటికీ ఇది సమానంగా పనికొస్తుందని నమ్మకండి. మూడింటికి బాగానే పనికొస్తుంది, నాలుగోదాన్ని ఏదోలా నెట్టుకొస్తుంది.

తేడా ఎంతో లెక్కవేద్దాం. ఆగే దూరం అంటే వేగం వర్గాన్ని రెండు రెట్ల ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగించడమే. వంద కిలోమీటర్ల వేగంలో గుణకం 1.0 అయితే కారు 39 మీటర్లలో ఆగుతుంది. 0.8 అయితే 49 మీటర్లు. పది మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు ఆగిపోయిన చోటును రెండో కారు దాటేటప్పుడు దాని వేగం ఇంకా గంటకు 45 కిలోమీటర్లు ఉంటుంది. కావాలంటే కాగితం మీద వేసి చూడండి. ముందు మనిషి ఉంటే ఆ తేడా ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే. వెచ్చని రోడ్డు మీద ఆ మొదటి కారు సమ్మర్ టైర్లది. చల్లని ఉదయం స్థానాలు తారుమారవుతాయి. నల్లటి మంచు పలక మీద గుణకం 0.1కి పడిపోయిందనుకుంటే, 60 కిలోమీటర్ల వేగానికే 140 మీటర్లు దాటుతుంది. అక్కడ సమ్మర్ టైరూ ఆగదు, ఆల్ సీజన్ టైరూ ఆగదు.

స్పోర్ట్స్ కారుకు ఈ ఎంపిక మరింత పదునుగా ఎదురవుతుంది. చాలా స్పోర్ట్స్ కార్లలో ఇంజను బలమంతా వెనక చక్రాలకు పోతుంది. చలికి గట్టిపడ్డ వెడల్పు టైర్ల మీద యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ నొక్కితే చాలు, వెనక భాగం పక్కకు తిరుగుతుంది. తయారుచేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. 2020 మోడల్‌గా వచ్చిన షెవర్లే కార్వెట్‌ను చూడండి. మామూలు కార్వెట్‌కు కంపెనీయే మిషెలిన్ ఆల్ సీజన్ టైర్లు బిగించి ఇచ్చింది. జెడ్51 అనే ప్యాకేజీ తీసుకుంటే మిషెలిన్ సమ్మర్ టైర్లు ఇచ్చింది. కారు ఒకటే, కొలతలూ ఒకటే, ముందు 245/35 జెడ్‌ఆర్ 19, వెనక 305/30 జెడ్‌ఆర్ 20. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది అంగుళాల్లో రిమ్ము కొలత. అంత ఖరీదైన కారుకే కంపెనీ ఆల్ సీజన్ టైరు వేసిందంటే, ఆల్ సీజన్ వేయించుకోవడం నామోషీ అని మన కుర్రాళ్లు అనుకోవలసిన పని లేదు.

అయితే ఎవరు ఏది వేయించాలి? నా అభిప్రాయంలో చూడవలసింది ఆ ఊరి సగటు ఉష్ణోగ్రత కాదు. మీరు తాళం తిప్పే వేళకు ఉండే ఉష్ణోగ్రత. లాస్ ఏంజిలస్‌లో జనవరి రాత్రులు కూడా సగటున 9, 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. అక్కడ సమ్మర్ టైర్లతో ఏడాదంతా నడపవచ్చు, కొండల మీదికి పోనంతవరకు. డెట్రాయిట్‌లో జనవరి మధ్యాహ్నం కూడా సున్నా దగ్గరే ఉంటుంది. అక్కడ సమ్మర్ టైర్లతో చలికాలం నడపడమన్నది ఆలోచించే విషయమే కాదు. చిక్కంతా మధ్యలో ఉన్న ఊళ్లది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ ప్రాంతాన్నే తీసుకోండి. టెక్సాస్ అంటే ఎండ అనుకుంటాం. నిజమే, జనవరి మధ్యాహ్నం 14 డిగ్రీలు ఉంటుంది. తెల్లవారుజామున మాత్రం సగటున 3 డిగ్రీలు. ఆఫీసుకు పోయేటప్పుడు ఒక కారు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో కారు నడిపినట్టు ఉంటుంది. 2021 ఫిబ్రవరి 16న అక్కడ సున్నాకు దిగువన 19 డిగ్రీలకు పడిపోయింది. దానికి ఐదు రోజుల ముందు, 11వ తేదీ ఉదయం, పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో గడ్డకట్టే వాన పడి హైవే మీద 133 వాహనాలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. అటువంటి మంచు పలక మీద ఏ టైరైనా చేతులెత్తేస్తుంది. ఆ రోజు బండి తియ్యకపోవడం ఒక్కటే మార్గం. నేను చెబుతున్నది అటువంటి రోజు గురించి కాదు, దాని చుట్టూ ఉండే మామూలు చలి ఉదయాల గురించి. రోడ్డు పొడిగానే ఉంటుంది, ఎండ కూడా వస్తుంటుంది, జాగ్రత్తపడాలని ఎవరికీ తోచదు. డల్లాస్‌లో ఒకే కారు, ఒకే జత టైర్లు అయితే నేను ఆల్ సీజన్ అనే చెబుతాను.

మంచు గట్టిగా కురిసే ఊళ్లలో ఈ రెండూ చాలవు. ఆల్ సీజన్ టైరు పక్కన ఉండే ఎం ప్లస్ ఎస్ అనే గుర్తును చూసి మోసపోవద్దు. బురద, మంచు అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. ట్రెడ్‌లో గాడులు ఇంత ఉంటే చాలు, పరీక్ష ఏదీ లేకుండానే కంపెనీ ఆ గుర్తు వేసుకోవచ్చు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు ఉన్న బొమ్మ వేరు. 1999లో అమెరికా, కెనడా రబ్బరు సంఘాలు తెచ్చిన గుర్తు అది. మంచు మీద నిజంగా పరీక్షిస్తేనే వస్తుంది. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి చలికాలపు టైరుగా ఈ కొండ గుర్తు ఉన్నదాన్నే ఒప్పుకుంటున్నారు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. అటువంటి చోట్ల రోజూ స్పోర్ట్స్ కారు నడిపేవాళ్లు రెండు జతలు పెట్టుకుంటారు, వేసవికి సమ్మర్, చలికి వింటర్. ఖర్చు రెండింతలు అనిపిస్తుంది కానీ, ఒక జత నడిచేటప్పుడు రెండోది అరగదు కదా. అద్దె గదిలో ఇంకో నాలుగు టైర్లు ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద సమస్య.

నాలుగు చక్రాలకూ బలం అందే కారు కొన్నాను, నాకేమిటి అనేవాళ్లకు ఒక్క మాట. ఆ ఏర్పాటు కారు కదలడానికి సాయం చేస్తుంది. ఆగడానికి చెయ్యదు. ఏబీఎస్ కూడా ఉన్న పట్టును సరిగా వాడుతుంది, లేని పట్టును పుట్టించలేదు.

డబ్బు సంగతి కూడా చూడాలి, మనవాళ్లకు అసలు లెక్క అదే కదా. అమెరికాలో అమ్మే కార్ల టైర్ల మీద ట్రెడ్‌వేర్ అనే అంకె ఉంటుంది. టెక్సాస్‌లోని శాన్ ఏంజెలో ఊరి చుట్టూ 400 మైళ్ల దారిలో, మొత్తం 7,200 మైళ్లు నడిపి, 100 అంకె ఇచ్చిన టైరుతో పోల్చి దీన్ని నిర్ణయిస్తారు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ అనే సమ్మర్ టైరుకు ఈ అంకె 300. అదే కంపెనీ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 కు 540. మైళ్ల హామీ మొదటిదానికి 30,000, రెండోదానికి 45,000. అంటే సుమారు 48 వేల కిలోమీటర్లకు 72 వేల కిలోమీటర్లు. అంకె దాదాపు రెట్టింపైనా హామీ ఒకటిన్నర రెట్లే ఉందని గమనించండి. ఆ అంకెలు వేసుకునేది కంపెనీలే కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి మురిసిపోవడం దండుగ. ముందూ వెనకా వేర్వేరు కొలతలు ఉన్న కార్లలో టైర్లను ముందువి వెనక్కి మార్చుకోవడం కుదరదు కనుక వెనకవి ఇంకా ముందే అరుగుతాయి. కార్వెట్ లాంటిదానికి నాలుగు టైర్లు మార్చాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. చదువు అప్పు తీరకముందు అది చిన్న మొత్తం కాదు. కారు ధర చూసి కొనేవాళ్లు ఈ ధర కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

మన దగ్గర ఈ గొడవ లేదు. లంబసింగి, ఆదిలాబాద్ అడవి ఊళ్ల చలి ఉదయాలు తప్పిస్తే మన రోడ్లు 7 డిగ్రీలను చూడటం అరుదు. మన టైర్లను తినేది వేడి, తక్కువ గాలి, ఎక్కువ బరువు. మే నెలలో గాలి తక్కువైన టైరు పక్క గోడ మడతపడి, మడతపడి, లోపలి వేడికి తానే చీలిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ఇంజను చప్పుడు వినేముందు నాలుగు చక్రాల దగ్గరా వంగి చూడాలి. నాలుగూ ఒకే రకమేనా? ముందు సమ్మర్, వెనక ఆల్ సీజన్ ఉంటే ఆ కారు చలిలో ఒకలా, ఎండలో ఇంకోలా తిరుగుతుంది. అలాంటిది ఉంటే ధరలో నాలుగు టైర్ల ఖర్చు తగ్గించమని అడగండి. ట్రెడ్ గాడుల అడుగున పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. చలికాలమంతా సమ్మర్ టైర్లతో బయట నిలబెట్టిన కారైతే అక్కడే బయటపడుతుంది. గాడుల మధ్య అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. ట్రెడ్ అరిగి వాటితో సమమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. అక్కడ ఒక సెంటు నాణెంతో కూడా చూస్తారు. లింకన్ తలను కిందికి పెట్టి గాడిలో దింపితే తల మొత్తం బయటికి కనిపించకూడదు. చివరగా, డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో ఆఖరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరంలో 23వ వారం తయారైన టైరు. ట్రెడ్ ఎంత నిండుగా ఉన్నా ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిబడుతుంది. ఈ ఒక్కటీ మన ఊరి బైకు టైరు మీద కూడా చూడవచ్చు, అందులోనూ వారం, సంవత్సరం అంకెలు ఉంటాయి.